ముక్కులో స్ప్రే, చేతిలో నీళ్ల గ్లాసు

అందరికీ నమస్కారం.

నేను ఫార్మసిస్టుని. మంచినీళ్లు బాగా తాగండి అని రోజూ పదిమందికి చెప్తుంటాను. ఇవాళ మాత్రం తగ్గించండి అని చెప్పడానికి వచ్చాను.

డెస్మోప్రెసిన్ అనే ముక్కు స్ప్రే గురించి మాట్లాడమన్నారు. మూత్రం అతిగా పోయే ఒక జబ్బుకి ఇది మందు. ఒక జబ్బుకి అన్నాను, గమనించండి. షుగర్ పెరిగినా మూత్రం ఎక్కువ పోతుంది, దానికి ఇది పనికిరాదు. ఏ కారణం వల్లో కడవలకొద్దీ నీళ్లు తాగడం అలవాటైనవాళ్లకీ అంతే పోతుంది. వాళ్లకి ఈ స్ప్రే ఇస్తే ప్రాణం మీదికి వస్తుంది. పక్కింటాయనకి తగ్గిందని మనం కొట్టుకునే మందు కాదిది.

మన మెదడులో వాసోప్రెసిన్ అనే హార్మోన్ తయారై, పిట్యూటరీ గ్రంథి నుంచి రక్తంలోకి వస్తుంది. నీళ్లు బయటికి పోనీయకుండా వెనక్కి లాక్కోమని కిడ్నీలకి చెప్పేది అదే. తలకి దెబ్బ తగిలో, అక్కడ కణితి వచ్చో, ఆపరేషన్ జరిగో ఆ హార్మోన్ తగ్గిపోతే, రంగు లేని మూత్రం రోజుకి 3 లీటర్లు దాటి పోతుంది. కొందరికి 15 లీటర్లు కూడా. దాహం నిద్రపోనివ్వదు. ఈ జబ్బుని డయాబెటిస్ ఇన్సిపిడస్ అనేవాళ్లు. పేరులో డయాబెటిస్ ఉండేసరికి ఆసుపత్రుల్లో కూడా షుగర్ అనుకుని పొరబడుతున్నారని, 2022లో వైద్య సంఘాలు ఆ పేరు మార్చమన్నాయి.

డెస్మోప్రెసిన్ ఆ హార్మోన్‌కి నకలు. కుళాయి కట్టేసినట్టు పని చేస్తుంది. చిక్కంతా అక్కడే ఉంది. బయటికి పోయే దారి మూసుకున్నాక కూడా మనం పాత అలవాటు కొద్దీ తాగుతూ పోతే ఆ నీళ్లు ఎక్కడికి పోతాయి? రక్తంలోనే ఉండిపోతాయి. రక్తంలో సోడియం 135 నుంచి 145 మధ్య ఉండాలి. నీళ్లు ఎక్కువైతే అది పలచబడి పడిపోతుంది, మెదడు కణాలు ఉబ్బుతాయి. ముందు తలనొప్పి, వికారం. తర్వాత మాట తడబడటం, మత్తు. ఆ తర్వాత ఫిట్స్. వాంతి కాగానే గ్యాస్ అనుకుని ఇంకో గ్లాసు నీళ్లు తాగిస్తారు చూడండి, నాకు భయం అక్కడే. అలాంటప్పుడు తర్వాతి డోసు వేసుకోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లి సోడియం చూడమని అడగాలి.

రాత్రిళ్లు పక్క తడిపే పిల్లలకి ఒకప్పుడు ఈ స్ప్రే రాసేవాళ్లు. డెస్మోప్రెసిన్ వాడాక సోడియం పడిపోయి ఫిట్స్ వచ్చిన 61 కేసులు పరిశీలించి, వాళ్లలో ఇద్దరు చనిపోయారని తేలాక, 2007 డిసెంబరులో అమెరికాలో మందుల్ని నియంత్రించే ఎఫ్‌డీఏ ఆ సమస్యకి స్ప్రే వాడొద్దంది.

ఎంత తాగాలి అని అడుగుతారు. దాహం వేస్తే, తీరేంత. అంతకుమించి అలవాటుకొద్దీ వద్దు. డాక్టరు కొలత చెప్తే ఆ కొలతే.

ఇప్పుడు బాటిల్ సంగతి. కొత్తది తెరిచాక, కరపత్రంలో చెప్పినన్ని సార్లు గాల్లోకి నొక్కి, సన్నటి తుంపర వచ్చాకే ముక్కులో పెట్టుకోవాలి. లోపలి సన్నటి గొట్టం చివర మందులో మునిగి ఉండాలి. కొట్టాక గట్టిగా ఎగపీల్చకండి, మందు గొంతులోకి జారిపోతుంది. కడుపులోకి పోయింది దాదాపు వృథా. అందుకే ఇదే మందు మాత్రల్లో 100, 200 మైక్రోగ్రాములు ఉంటే, స్ప్రేలో ఒక్క నొక్కుకి 10 చాలు. స్ప్రే నుంచి మాత్రకి మారాలంటే లెక్క డాక్టరే కట్టాలి.

ఐదు మిల్లీలీటర్ల బాటిల్‌కి సాధారణంగా 50 నొక్కులు లెక్క. 50 అయ్యాక కూడా అడుగున మందు కనిపిస్తుంది. పారేయడానికి చెయ్యి రాదు. కానీ అప్పటినుంచి పంపు సరిగా లాగదు, డోసు తగ్గుతుంది. మూత్రం మళ్లీ ఎక్కువవుతుంది. మందు పనిచేయట్లేదనుకుని రెండుకి బదులు నాలుగు నొక్కుతాం. తర్వాత కొత్త బాటిల్ తెరిచి, అదే చేత్తో నాలుగు నొక్కుతాం. ఈసారి నాలుగూ పూర్తిగా లోపలికి పోతాయి. చేతిలో నీళ్ల గ్లాసు ఎటూ ఉండనే ఉంది. ఇంత చిన్న పిసినారితనం నుంచి ఐసీయూ దాకా వెళ్లొచ్చు.

ఇదే పేరుతో రక్తం గడ్డకట్టని జబ్బుకి వాడే ఇంకో స్ప్రే ఉంది. దాని ఒక్క నొక్కులో 150 మైక్రోగ్రాములు, అంటే పదిహేను రెట్లు. కొనేటప్పుడు పేరొక్కటే కాదు, అంకె కూడా చదవండి. మా కౌంటరు వెనక ఉన్నవాళ్లూ మనుషులే.

జలుబు చేసి ముక్కు మూసుకుపోతే మందు సరిగా ఎక్కదు. నొక్కులు పెంచకుండా డాక్టరుకి ఫోన్ చేయండి. వాంతులు, విరేచనాలు, జ్వరం వచ్చినా అంతే. ఐబుప్రోఫెన్ లాంటి పెయిన్ కిల్లర్లు, కొన్ని డిప్రెషన్ మందులు, ఫిట్స్‌కి వాడే కార్బమజెపిన్ దీనితో కలిస్తే సోడియం ఇంకా పడిపోవచ్చు. గుండె, కిడ్నీ జబ్బులుంటే ముందే చెప్పాలి.

ఇంతా విని, భయపడి ఆపేయకండి. హార్మోన్ లేనివాళ్లు డోసు మానేస్తే ఒంట్లో నీరంతా పోయి అదీ ప్రాణాంతకమే. ఇంకేదో ఆపరేషన్‌కి ఆసుపత్రిలో చేరినప్పుడు ఈ స్ప్రే మాట మరుగున పడిపోతుంది. మనకి మత్తిస్తే చెప్పేవాళ్లుండరు. అందుకే ఒక కార్డు మీద జబ్బు పేరు, మందు పేరు, డోసు రాసి పర్సులో పెట్టుకోండి. ఇంట్లో ఇంకొకరికీ ఆ సంగతి తెలియాలి.

మీ బాటిళ్లు తెచ్చుకోమన్నాను కదా, బయటికి తీయండి. తెరిచిన తేదీ ఎంతమంది రాసుకున్నారో చూద్దాం. రాయనివాళ్లకి నా దగ్గర పెన్ను ఉంది.