చలికాలంలో రెండు కిలోమీటర్ల కారు ప్రయాణం: ఇంజిన్ లోపల ఏం జరుగుతోంది?

నమస్కారం. "తిరుపతిలో చలెక్కడిది స్వామీ, ఇంజిన్‌కి జలుబు చేస్తుందా?" అని నవ్వేవాళ్లు ఉంటారు. నిజమే, డిసెంబరు తెల్లారుజామున కూడా ఇక్కడ బండి మొరాయించేంత చలి ఉండదు. అసలు ఇబ్బంది దూరంతో, చలి దానికి తోడవుతుంది. పొద్దున కొర్లగుంట నుంచి బాలాజీ కాలనీ, పదకొండుకి లీలామహల్ సర్కిల్, సాయంత్రం కపిలతీర్థం. రోజుకు నాలుగైదు సార్లు స్టార్ట్ అయి, వేడెక్కేలోపే ఆగిపోయే కారు గురించే ఈ వీడియో.

ముందు బానెట్ ఎత్తుదాం. ఇది ఆయిల్ పోసే మూత. తిప్పి తీస్తున్నాం, లోపలివైపు చూడండి. మీగడ కట్టినట్టు, లేత పసుపు రంగులో ఉంది కదా? వేలితో తీస్తే వెన్నలా వస్తోంది. ఆయిల్‌లో నీళ్లు కలిసి చిలికిన సరుకు ఇది.

నీళ్లెక్కడివి అంటే, పెట్రోలు మండితేనే పుడతాయి. లీటరు పెట్రోలు మండితే సుమారు లీటరు నీళ్లు, ఆవిరి రూపంలో. అందులో ఎక్కువ భాగం సైలెన్సర్ గుండా పోతుంది. కొంత మాత్రం పిస్టన్ రింగుల పక్కనుంచి కిందికి దిగుతుంది. ఇంజిన్ వేడిగా ఉంటే అదీ ఆవిరిగానే బయటపడుతుంది. చల్లగా ఉంటే, ఐసు వేసిన గ్లాసు మీద చెమ్మ పట్టినట్టు లోపలి లోహానికి పట్టేస్తుంది.

పెట్రోలు కూడా దిగుతుంది. చల్లటి ఇంజిన్‌లో ఇంధనం సరిగా ఆవిరి కాదు కాబట్టి ఈసీయూ, అంటే ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్, మొదట్లో ఎక్కువ పోస్తుంది. మండకుండా మిగిలింది సిలిండర్ గోడల మీది ఆయిల్ పొరను కడుక్కుంటూ సంపులోకి, అంటే ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టిలోకి జారుతుంది. ఇప్పుడు బంకుల్లో పోసే ఈ20లో, అంటే ఇరవై శాతం దాకా ఇథనాల్ కలిపిన పెట్రోలులో, ఆ ఇథనాల్ అయితే ఆవిరి కావడానికి పెట్రోలు కంటే ఎక్కువ వేడి లాగుతుంది.

"డాష్‌బోర్డులో నీలం లైటు ఆరిపోయిందిగా, వేడెక్కినట్టేగా?" అంటారా. ఆ లైటు చూసేది కూలెంట్‌ని, అంటే ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవాన్ని, ఆయిల్‌ని కాదు. కూలెంట్ 85, 90 డిగ్రీలకి చేరినా ఆయిల్ వెనకబడే ఉంటుంది. దానికి దాదాపు రెట్టింపు టైం కావాలి.

ఇప్పుడు డిప్‌స్టిక్, అంటే ఆయిల్ ఎంతుందో చూసే పుల్ల. పొద్దున్నే స్టార్ట్ చేయకముందు, సమంగా ఉన్న చోట తీసి, తుడిచి, మళ్లీ పూర్తిగా దించి తీయండి. ఆయిల్ పోయకుండానే మాక్స్ గీత దాటిందా? సంతోషపడకండి, ముక్కు దగ్గర పెట్టుకోండి. పెట్రోలు వాసన గట్టిగా కొడితే ఆయిల్ పలచబడినట్టే, మార్చేయాలి. మూత కింద మాత్రమే మీగడ ఉండి, కూలెంట్ లెవెల్ తగ్గకపోతే కంగారు లేదు. డిప్‌స్టిక్ మీద కూడా పాలు కలిపిన టీ రంగుంటే, పైగా కూలెంట్ తగ్గుతుంటే హెడ్ గ్యాస్కెట్‌ని, అంటే ఇంజిన్ పైభాగానికీ సిలిండర్లకీ మధ్య ఉండే సీల్‌ని, అనుమానించాలి. అలాంటప్పుడు స్టార్ట్ చేయొద్దు, టోయింగ్ బండి పిలిపించండి.

ఇంకోటి, మన ఎండల పుణ్యం. బండి హీటెక్కుతోందంటే థర్మోస్టాట్ వాల్వు, అంటే ఇంజిన్ కాగేదాకా కూలెంట్‌ని రేడియేటర్‌లోకి పోనివ్వని వాల్వు, పీకి పక్కన పడేసే షెడ్లు ఉన్నాయి. అది లేకపోతే కూలెంట్ మొదటి నిమిషం నుంచే రేడియేటర్‌లో తిరుగుతుంది. పది కిలోమీటర్లు పోయినా ఇంజిన్ సరిగా కాగదు, ఈసీయూ పెట్రోలు ఎక్కువ పోస్తూనే ఉంటుంది. స్టీరింగ్ కింద ఓబీడీ సాకెట్‌కి (మెకానిక్ స్కానర్ తగిలించే చోటు) బ్లూటూత్ స్కానర్ తగిలించి ఫోన్‌లో కూలెంట్ టెంపరేచర్ చూడండి. హైవే మీద పావుగంట నడిపినా 65, 70 దాటకపోతే, వాల్వు లేనట్టు లేదా తెరుచుకుని ఇరుక్కున్నట్టు.

తిరుమల సంగతి చెప్పాలి. రెండో ఘాట్ ఎక్కేటప్పుడు ఇంజిన్ బాగా కాగుతుంది, తేమంతా ఎగిరిపోతుంది. కానీ అలిపిరి పక్కనే ఇల్లున్నవాళ్లు జాగ్రత్త, ఆయిల్ చల్లగా ఉండగానే ఎక్కుడు మొదలవుతుంది. మొదటి కొన్ని మలుపులు యాక్సిలరేటర్ నెమ్మదిగా తొక్కండి. కొండ మీద రాత్రంతా ఆపి పొద్దున్నే దిగితే ఇంకో తిరకాసు. గేర్‌లో దిగుతుంటే ఇంధనం చిమ్మే ఇంజెక్టర్లు చాలాసేపు ఆగిపోతాయి, ఇంజిన్ కాగదు. దాన్ని పొట్టి ప్రయాణం కిందే లెక్కేసుకోండి. అలాగని న్యూట్రల్‌లో మాత్రం దిగొద్దు!

స్టార్ట్ చేసి పది నిమిషాలు నిలబెట్టి వేడి చేయడం దండగ. అరనిమిషం చాలు, కదిలించి 2,500 ఆర్పీఎం లోపు నడపండి. మొదటి ఐదు నిమిషాలు హీటర్ వేయొద్దు, అది కూలెంట్ వేడినే లాక్కుంటుంది. వారానికోసారి రేణిగుంట ఎయిర్‌పోర్టు దాకా పోయి రండి, రానూపోనూ అరగంట పైనే పడుతుంది. ఆయిల్ మార్పు కిలోమీటర్ల లెక్కన కాదు, ఇలాంటి వాడకానికి మాన్యువల్‌లో విడిగా ఇచ్చిన గడువు చూడండి. చాలా కార్లకి అది మామూలు గడువులో సగమే. చిక్కగా ఉంటే మంచిదని 20డబ్ల్యూ-50 ఆయిల్ పోయించొద్దు, మాన్యువల్‌లో పలచటి 0డబ్ల్యూ-20 అంటే అదే.

బీఎస్6 డీజిల్ వాళ్లకి గట్టిగానే చెప్తున్నాం. డీపీఎఫ్‌లో, అంటే పొగలోని మసిని పట్టే ఫిల్టర్‌లో, మసి కాలాలంటే లోపల 550, 600 డిగ్రీల వేడి రావాలి, అందుకోసం బండి అదనంగా డీజిల్ కొడుతుంది. మధ్యలో ఇంటికొచ్చి తాళం తిప్పేస్తే మసి మిగులుతుంది, ఆ డీజిల్లో కొంత ఆయిల్‌లోకి దిగుతుంది. డీపీఎఫ్ లైటు వెలిగిందా, చంద్రగిరి దాటి చిత్తూరు హైవే ఎక్కి, అరవై పైన స్పీడులో పావుగంట, ఇరవై నిమిషాలు పోనివ్వండి. లైటు ఆరేదాకా వెనక్కి తిప్పొద్దు. ఇంకా కొనలేదు, వాడకం రోజుకు మూడు కిలోమీటర్లే అంటారా? పెట్రోలు బండి చూసుకోండి.