నల్లోడిని ఎక్కడ వదిలారు?

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లు ఇందాకే ఇద్దరు చదివారు, నేను మళ్లీ చదవను. కుక్కలకు వేసే రేబిస్ టీకా గురించి డాక్టరుగారు చెప్పేశారు. వీధికుక్కల్ని పట్టి ఉంచే షెల్టర్ల గురించి నన్ను మాట్లాడమన్నారు. ముందు నా తప్పు ఒకటి చెప్పుకోవాలి.

బైరాగిపట్టెడలో మా వీధిలో నల్లోడని ఒక కుక్క ఉండేది. నాకు కుక్కలంటే పెద్దగా ఇష్టం లేదు, ఇప్పటికీ అంతే. రాత్రంతా మొరుగుతోందని అర్జీ రాసింది నేనే. నా చేతిరాత గుండ్రంగా ఉంటుందని అందరూ నా మీదే పెట్టారు. పదకొండు సంతకాలు. కుక్కల్ని పట్టే వ్యాను వచ్చింది. "చంపరు కదా నాయనా?" అన్నాను. "చంపకూడదు సార్, రూలుంది" అన్నాడు వ్యాను అతను.

ఉంది. 2001లో వచ్చింది, 2023లో మళ్లీ రాశారు. పట్టుకుని, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, టీకా వేసి, పట్టిన చోటే వదలాలి. పట్టిన చోటే! ఈ మాట రెండుసార్లు ఎందుకంటున్నానంటే, నల్లోడు తిరిగి రాలేదు.

నెల తిరక్కుండా రెండు కొత్త కుక్కలు దిగాయి. చికెన్ అంగడి వ్యర్థాలు అక్కడే పడుతుంటే వీధి ఖాళీగా ఉంటుందా? ఎదురింటి పిల్లవాణ్ణి కరిచింది వాటిలో ఒకటి. సూదులు వేయించడానికి వాళ్లమ్మతో నేనే వెళ్లాను. అక్కడ ఒక కుర్ర డాక్టరు అడిగాడు, కరిచిన కుక్కకు చెవి కోత ఉందా అని. కోతేమిటన్నాను. ఆపరేషన్, టీకా అయినవాటికి గుర్తట. నల్లోడికి ఉండేది, అమ్మా. ఏదో పోట్లాటలో తెగిందనుకున్నాం. టీకా పడ్డ కుక్కను పంపించి, పడనివాటికి చోటిచ్చాం.

వాణ్ణి వెతుక్కుంటూ ఒక షెల్టరుకు వెళ్లాను. పేరు చెప్పను. గేటు మీద "ఇక్కడ ఏ జీవినీ చంపము" అని రాసుంది. లోపల ఒక్క బోనులో ఏడు కుక్కలు, ఎండిపోయిన నీళ్ల తొట్టి, మూలన ఒకటి లేవలేక చూస్తోంది. నయం కాని జబ్బుతో అల్లాడేదానికి వైద్యుడు మత్తిచ్చి బాధ తప్పించవచ్చని ఆ రూలులోనే ఉంది. వీళ్లు అదీ చేయలేదు, మందూ వేయలేదు.

2025 నవంబరులో సుప్రీంకోర్టు బడులు, ఆసుపత్రులు, బస్టాండ్ల దగ్గరి కుక్కల్ని షెల్టర్లకు తరలించమంది, మళ్లీ అక్కడ వదలొద్దంది. అంటే బోనులు ఇంకా నిండుతాయి. అధికారులు ఎవరైనా ఉన్నారా ఇక్కడ? చెయ్యెత్తండి. ఒక్కరు. సంతోషం. ఎన్ని పట్టాలో లెక్క వేసేటప్పుడు, ఎన్నింటికి చోటుందో, నీళ్లెవరు పోస్తారో కూడా రాయండి సార్. మిగతా వీధికుక్కలకు ఏ వీధిలో పట్టారో చీటీ కట్టండి, అక్కడే వదలడానికి.

టైమైందని చీటీ నాకూ వచ్చింది. కూర్చుంటాను.