నాయకురాలి పుస్తకంపై రచ్చ: స్టూడియో చర్చ పూర్తి పాఠం

(కారెంపూడి వీరుల ఉత్సవాల్లో కోడిపోరు రోజున పలనాటి కథలోని నాయకురాలు నాగమ్మ మీద పుస్తకం రాసిన ఒక స్వతంత్ర రచయిత పెట్టుకున్న పుస్తకాల బల్లను కొందరు ఎత్తేశారు. ఆ మర్నాడు జరిగిన చర్చ ఇది. అందరూ ఒకేసారి మాట్లాడిన చోట వినబడినంతవరకే రాశాం. అలాంటి చోట్లు చాలానే ఉన్నాయి.)

యాంకర్: నమస్తే. పలనాటి యుద్ధం మళ్లీ మొదలైందా? బ్రహ్మనాయుడు హీరో, నాగమ్మ విలన్. చిన్నప్పటి నుంచి మనం విన్న కథ ఇదే. ఈయన దాన్ని తిరగేశారు. రచయిత గారూ, సూటిగా అడుగుతున్నా. మీది ఏ సామాజిక వర్గం?

రచయిత: మొదటి ప్రశ్నే అదా అండీ?

యాంకర్: నేను కాదు సార్, జనం అడుగుతున్నారు.

రచయిత: నేను కథను తిరగెయ్యలేదు. జిట్టగామాలపాడులో ఒక ఆడమనిషి. రాజుకూ పరివారానికీ ఆతిథ్యమిచ్చి, బదులుగా ఏడు ఘడియల మంత్రి పదవి అడిగింది. ఇది పాతకథే. అడిగిన మనిషి బుర్రలో ఏముందో అని నేను...

పార్టీ ప్రతినిధి: ఆగు తమ్ముడూ, ఆగు. బుర్రలో ఏముందో నీకెట్లా తెలుసు? ఆమె వచ్చి చెప్పిందా నీకు? మా పల్నాడులో కార్తీక అమావాస్య వస్తే వీరుల ఆయుధాలకు మొక్కుతారు. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు. ఐదు రోజులు. అక్కడ బల్లేసుకుని, అట్ట మీద నాగమ్మ బొమ్మేసి అమ్ముతావా? శ్రీనాథుడి కంటే గొప్పోడివా నువ్వు?

ఆచార్యులు: శ్రీనాథుడి పేరు వచ్చింది కాబట్టి ఒక్క మాట. యుద్ధం 1180 ప్రాంతంలో జరిగిందంటారు. శ్రీనాథుడు 15వ శతాబ్దం వాడు. మధ్యలో రెండు వందల ఏళ్లకు పైగా ఈ కథను మోసింది పాడేవాళ్లే. పైగా ఆయన పేరు మీద మనకు దొరికింది కథంతా కాదు. 1911లో అక్కిరాజు ఉమాకాంతం గారు అచ్చు వేయించిన ద్విపద...

ప్రతినిధి: మేడమ్, క్లాసు చెప్పకండి. ఇది యూనివర్సిటీ కాదు.

ఆచార్యులు: మీరే కదండీ శ్రీనాథుణ్ని తెచ్చింది!

యాంకర్: సరే సరే. నాగమ్మ పాత్ర అంటే నాకు సినిమాలే గుర్తొస్తాయి. 1947లో కన్నాంబ గారు, 1966లో భానుమతి గారు. అబ్బ, ఆ చూపు! మేడమ్, ఇద్దరిలో ఎవరు బాగా చేశారు?

(దీని మీద నాలుగు నిమిషాలు గడిచాయి. ఆ రాత్రి నలుగురూ సంతోషంగా మాట్లాడుకున్న భాగం ఇదొక్కటే. ఇక్కడ వదిలేశాం.)

ప్రతినిధి: అసలు సంగతికి రండి. ఈ పుస్తకం ఎవరు వేశారు? ఏ ప్రచురణ సంస్థ? లేదు. సొంతంగా అచ్చేసుకున్నాడు. ఎవరు చదివారు, ఎవరు దిద్దారు, ఎవరు పర్మిషన్ ఇచ్చారు? రేపు నేను కూడా రామాయణం రాసి అచ్చేసుకుంటా. ఊరుకుంటారా?

రచయిత: రాసుకోండి. దానికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు. పుస్తకాన్ని గుర్తించడానికిచ్చే ఐఎస్‌బీఎన్ కూడా మన దేశంలో ఉచితమే. అది నంబరు, అనుమతి పత్రం కాదు. నేను ముగ్గురు ప్రచురణకర్తల దగ్గరికి వెళ్లాను. ఇద్దరు జవాబివ్వలేదు. మూడో ఆయన టీ ఇప్పించి, "నాగమ్మనా? ఎందుకు బాబూ టెన్షన్" అన్నారు.

యాంకర్: అంటే ఆ ప్రచురణకర్త ఏ సామాజిక వర్గం...

రచయిత: టీ ఇప్పించే వర్గం సార్. 500 కాపీలు వేశాను. డీటీపీ, అచ్చు కలిపి 58 వేలు. అనూ ఫాంట్స్‌లో చేసిన ఫైలు యూనికోడ్‌లోకి మారిస్తే ఒత్తులు చెదిరిపోయాయి. నెల రోజులు కూర్చుని దిద్దుకున్నాను. షాపుకు ఇస్తే వంద రూపాయల్లో నలభై వాళ్లకే. మిగతా అరవై ఎప్పుడొస్తాయో తెలియదు. పోస్టులో పంపుదామంటే, తక్కువ ఖర్చుతో పోయే రిజిస్టర్డ్ బుక్ పోస్ట్‌ను 2024 డిసెంబరులో ఎత్తేశారు. అందుకే తిరునాళ్లలో బల్ల.

యాంకర్: పోస్టాఫీసు గొడవ ఇంకో రోజు పెట్టుకుందాం సార్.

ప్రతినిధి: చూశారా? డబ్బు కోసం! వాడే చెప్పాడు, డబ్బు కోసం!

రచయిత: 58 వేలు పెట్టి పదకొండు వేలు చూశానండీ.

ఆచార్యులు: నాకు ఆయన్ని ఒకటి అడగాలనుంది. పుస్తకం చదివి వచ్చాను. 41వ పేజీలో కోడిపోరు ఘట్టం చాలా బాగుంది. ఎవరు పాడింది అది?

రచయిత: ముగ్గురు పాడింది కలిపానండీ.

ఆచార్యులు: కలిపినట్టు ఎక్కడా లేదు. ముగ్గురి పేర్లూ లేవు. 1970ల్లో ఒక అమెరికా పరిశోధకుడు పల్నాడుకొచ్చి ఈ కథ రికార్డు చేసుకున్నాడు. 1982లో ఆక్స్‌ఫర్డ్ వాళ్లు వేసిన ఆ పుస్తకంలో పాడినాయన పేరుంది. మీరెందుకు వెయ్యలేదు?

రచయిత: డీటీపీలో పోయాయి... కాదులెండి, నేనే తీసేశాను. ఒక ఫారం పదహారు పేజీలు. ఏడు ఫారాల్లో, 112 పేజీల్లో సర్దాలి. కింద వివరాలన్నీ పెడితే ఎనిమిదో ఫారంలోకి వెళ్తోంది. డబ్బుల్లేవు. పాడినవాళ్ల పేర్లు తీసెయ్యడం మాత్రం తప్పే. ఎడిటర్ ఉంటే చెయ్యనిచ్చేవాడు కాదు.

ప్రతినిధి: ఒప్పుకున్నాడు! కల్తీ చేశానని ఒప్పుకున్నాడు!

ఆచార్యులు: ఆయన చెప్పింది అది కాదు, వినండి...

ప్రతినిధి: మీరుండండమ్మా! మూడు నోళ్లలోది కలిపి ఒకటి చేస్తే కల్తీ కాకపోతే ఏంటి? పాలల్లో నీళ్లు కలిపితే ఏమంటారు?

(ఈలోగా తెర కింద "కల్తీ చేశానన్న రచయిత" అని అక్షరాలు పరుగెత్తుతున్నాయి. రచయితకు ఎదురుగా మానిటర్ ఉంది. చూశారు.)

యాంకర్: ఫోన్ లైన్లో వీరవిద్యావంతులు ఒకరున్నారు. తరాలుగా ఈ కథ పాడే కుటుంబం. పెద్దాయనా, చెప్పండి. నాగమ్మది ఏ సామాజిక వర్గమని మీ పాటలో ఉంది?

గాయకుడు: అయ్యా, నమస్కారం. పాటలో మేం ఆమెను నాయకురాలు అంటామండి. పిలిచిన ఊరిని బట్టి ఒక వీరుడి దగ్గర ఎక్కువసేపు నిలబడతాం, ఒకరి దగ్గర తక్కువ. బ్రహ్మనాయుడి సేనాని కన్నమదాసు దగ్గరికొస్తే మావాళ్లు ఊరికే ఊరుకోరు, మళ్లీ పాడమంటారు. నాయకురాలి దగ్గరికొచ్చేసరికి మా నాయన...

ప్రతినిధి: పెద్దాయనా, బ్రహ్మనాయుడు దేవుడా కాదా? ఒక్క ముక్కలో చెప్పు.

గాయకుడు: దేవుడేనండి. అయితే మా నాయన ఆమె మాటలు పాడేటప్పుడు...

ప్రతినిధి: అదీ! దేవుడన్నాడు! ఇంకేం కావాలి?

యాంకర్: లైన్ కట్ అయినట్టుంది. ఒక బ్రేక్.

(బ్రేక్ తర్వాత లైన్ మళ్లీ కలపలేదు.)

యాంకర్: ఆఖరి రౌండ్. రచయిత గారూ, ముప్ఫై సెకన్లు. పుస్తకం వెనక్కి తీసుకుంటారా?

రచయిత: వెనక్కి తీసుకోవడానికి అది ఎక్కడికీ పోలేదండీ, నాలుగొందల చిల్లర మా ఇంట్లో మంచం కిందే ఉన్నాయి. రెండో ముద్రణ అంటూ జరిగితే ముగ్గురి పేర్లూ వేస్తాను. నాగమ్మను మాత్రం...

ప్రతినిధి: వేసి చూడు! మేం గాజులు తొడుక్కుని కూర్చోలేదు! పల్నాడు పౌరుషం అంటే ఏంటో... (ఈ ఊపు నిమిషంన్నర సాగింది.)

ఆచార్యులు: నాకు ముప్ఫై సెకన్లు లేవా?

యాంకర్: టైమైపోయింది మేడమ్, సారీ. రెండు వైపుల వాదనలూ సమానంగా విన్నాం. మరి నాగమ్మది ఏ సామాజిక వర్గం? రేపు ఇదే సమయానికి రెండో భాగం.

(లైట్లు తగ్గాయి. మైకులు ఇంకా ఆపలేదు.)

రచయిత: సార్, ఒక్క మాట. ఆ బల్ల మీ వాళ్లెవరి దగ్గరుందో కనుక్కుంటారా? అద్దెకు తెచ్చింది. రోజుకు వంద పడుతోంది.

ప్రతినిధి: ఏ బల్ల?