పోటు వేళ చూసుకునే బయలుదేరండి

(స్టూడియో చర్చ. పాల్గొన్నవారు: సముద్ర జీవశాస్త్రవేత్త, లైఫ్‌గార్డ్ శిక్షకుడు, కయాక్ (తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవ) శిక్షకురాలు.)

యాంకర్: చిన్న తీర పట్టణానికి రెండు రోజులు వెళ్తున్నాం. రాళ్ల గుంటల్లో జీవాలు చూడాలి, పక్షులు చూడాలి, కయాక్ నడపాలి, ఈత కొట్టాలి. ఏది ఎప్పుడు పెట్టుకోవాలి?

జీవశాస్త్రవేత్త: గది బుక్ చేసే ముందే ఆ తీరం ఆటుపోట్ల పట్టిక తీయండి. నీరు పైకి రావడం పోటు, వెనక్కి తీయడం ఆటు. చాలా తీరాల్లో ఒక పోటుకీ తర్వాతి పోటుకీ మధ్య దాదాపు 12 గంటల 25 నిమిషాలు. అంటే రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది. శనివారం పొద్దున 7 గంటలకు నీరు పూర్తిగా తీస్తే, ఆదివారం 8 కావస్తుంది. అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజులకు నీరు బాగా వెనక్కి పోతుంది. అష్టమి ప్రాంతంలో వెళ్తే చాలా గుంటలు నీళ్లలోనే ఉంటాయి.

యాంకర్: పట్టిక చదవడంలో ఎక్కడ పొరబడతారు మేడమ్?

కయాక్ శిక్షకురాలు: పక్క రేవు పట్టిక చూసి వచ్చేస్తారు. మలుపు తిరిగిన తీరాల్లో రెండు చోట్లకీ గంటల తేడా ఉండొచ్చు. ఇంకోటి, అందులో రాసిన ఎత్తు మీ కాళ్ల దగ్గర లోతు కాదు, ఒక ప్రామాణిక మట్టం నుంచి కొలిచినది. వాయుపీడనం 1 హెక్టోపాస్కల్ పడిపోతే నీరు దాదాపు 1 సెంటీమీటరు పెరుగుతుంది. దానికి తోడు ఒడ్డువైపు గాలి తోస్తే పట్టిక కన్నా నీరు ఎక్కువే వస్తుంది.

లైఫ్‌గార్డ్ శిక్షకుడు: నీరు ఒకే వేగంతో పెరగదు, అసలు చిక్కు అక్కడే. ఆటుకీ పోటుకీ మధ్య తేడా 4 మీటర్లు, పట్టే సమయం ఆరు గంటలు అనుకోండి. మొదటి గంటలో పెరిగేది పన్నెండో వంతు, అంటే 33 సెంటీమీటర్లే. రెండో గంటలో 67. మూడు, నాలుగు గంటల్లో మాత్రం గంటకో మీటరు! మొదటి గంట చూసి "ఇంకా టైముంది" అనుకున్నవాళ్లే కొండచరియ కింద చిక్కుకుంటారు. ఇసుక మేటల మీద ఇంకా మోసం: నీరు ముందునుంచి రాదు, వెనక ఉన్న పల్లాల్లోంచి చుట్టుకొస్తుంది.

యాంకర్: అయితే రాళ్ల మీదికి ఎప్పుడు దిగాలి?

జీవశాస్త్రవేత్త: నీరు పూర్తిగా తీయడానికి గంటన్నర ముందు. తీస్తున్న నీటి వెంట దిగండి, నీరు మళ్లీ పెరగడం మొదలవగానే వెనక్కి రండి. నాచు పట్టిన రాయి కన్నా పొడిగా, గరుగ్గా ఉన్న రాయి నమ్మదగ్గది. రాయిని ఎత్తి చూస్తే ఎలా ఉందో అలాగే పెట్టాలి. అడుగున అతుక్కున్న జీవాలు తలకిందులుగా వదిలేస్తే ఎండకి చస్తాయి. అలాగే ఎన్నడూ కెరటానికి వీపు చూపించకూడదు.

యాంకర్: పక్షులకు?

జీవశాస్త్రవేత్త: దానికి సరిగ్గా తిరగేసిన టైము. పోటుకు రెండు గంటల ముందు. బురదలో మేసే పక్షుల్ని నీరే ఒడ్డుకు తోసుకొస్తుంది. 8x42 బైనాక్యులర్ (ఎనిమిది రెట్లు దగ్గరగా చూపించేది, ముందు అద్దం 42 మిల్లీమీటర్లు) చాలు.

యాంకర్: ఈత సంగతి చెప్పండి సార్.

లైఫ్‌గార్డ్ శిక్షకుడు: అలలు విరగకుండా నున్నగా, కాస్త ముదురు రంగులో కనిపించే సందు చూసి, ఇక్కడ ప్రశాంతంగా ఉందని దిగుతారు. చాలాసార్లు అదే రిప్ కరెంట్. ఒడ్డుకు చేరిన నీరంతా అందులోంచే లోపలికి పోతుంది. అది మనిషిని కిందికి లాగదు, దూరంగా మోస్తుంది. ఎదురీదినవాళ్లు అలసిపోయి మునుగుతారు. ముందు తేలండి, ఊపిరి సర్దుకోనివ్వండి, చెయ్యి ఊపి పిలవండి. ఓపిక ఉంటే ఒడ్డుకు సమాంతరంగా, అలలు విరుగుతున్న వైపు ఈదండి.

యాంకర్: కయాక్‌కి పొద్దున్నే సముద్రం అద్దంలా ఉంటే మంచిదేనా?

కయాక్ శిక్షకురాలు: అద్దంలా ఉందంటే నాకు ముందు అనుమానమే. గాలి నేల మీంచి సముద్రంలోకి వీస్తే ఒడ్డున అల లేవదు. రెండు వందల మీటర్లు దాటాక తెలుస్తుంది, తిరిగి రావడం ఎంత కష్టమో. గాలితో నింపే పరుపులు, రింగులు కొట్టుకుపోయేది ఇలాగే. అందుకే పోయేటప్పుడు గాలికి ఎదురుగా పోవాలి, అలసిపోయి వచ్చేటప్పుడు అదే మోసుకొస్తుంది. మధ్యాహ్నానికి నేల వేడెక్కి సముద్రపు గాలి లేస్తుంది, ఆలోపే ముగించండి. బట్టలు ఎండకి కాదు, నీటి చలికి తగ్గట్టు వేసుకోవాలి. ఫోన్ తడవని సంచిలో, పడవలో కాకుండా ఒంటికి కట్టుకోండి. బోల్తా పడితే పడవని వదలొద్దు. వెతికేవాళ్లకి తల కన్నా పడవ కనిపిస్తుంది.

యాంకర్: టెంకు చేప (స్టింగ్‌రే, తోకలో విషపు ముల్లుండే చేప) ముల్లు గుచ్చుకుంటే?

జీవశాస్త్రవేత్త: కాలు ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో, 45 డిగ్రీలు దాటకుండా, 30 నుంచి 90 నిమిషాలు పెట్టాలి. వేడి ముందు రెండో కాలితో చూడండి, గాయమైన కాలికి అంచనా తెలియదు. తర్వాత ఆస్పత్రికి వెళ్లాలి. ముల్లు ఛాతీలోనో పొట్టలోనో దిగితే పీకొద్దు, అలాగే తీసుకెళ్లాలి. లోతు తక్కువ నీళ్లలో పాదం ఎత్తకుండా ఈడుస్తూ నడిస్తే ఆ చేపే తప్పుకుంటుంది.

యాంకర్: ఎవరైనా కొట్టుకుపోతుంటే మనం దూకాలా?

లైఫ్‌గార్డ్ శిక్షకుడు: వద్దండీ. కాపాడబోయినవాళ్లూ మునిగిపోతుంటారు. లైఫ్‌గార్డ్‌ని, అత్యవసర నంబరుని పిలవండి. తేలే వస్తువేదైనా విసరండి, మూత బిగించిన ఖాళీ డబ్బా అయినా సరే. ఒక మనిషిని ప్రత్యేకంగా నిలబెట్టి వేలు అటే చూపిస్తూ ఉండమనండి. అలల మధ్య ఒక్కసారి చూపు తప్పితే ఆ తల మళ్లీ దొరకడం కష్టం.