ఒకే రంగు, 60 బొమ్మలు: జేకబ్ లారెన్స్ వలస చిత్రమాల

శ్రోతలకు నమస్కారం.

ఆఫ్రికా నుంచి బానిసలుగా ఓడల్లో తరలించబడి, అమెరికా ఖండాలలోనూ కరీబియన్ దీవులలోనూ తరతరాలుగా జీవిస్తున్న ప్రజలలో పుట్టిన గాయకులను గురించి, రచయితలను గురించి మనం అప్పుడప్పుడు వింటూనే ఉంటాం. వారి చిత్రకారులను గురించి మాత్రం మన చెవిన పడేది చాలా తక్కువ. అందుకని ఈనాటి ప్రసంగంలో ఆ చిత్రకారులలో ఒక్కరిని గురించి, ఆయన వేసిన ఒక్క బొమ్మల వరుసను గురించి మాత్రమే చెబుతాను. ఆయన పేరు జేకబ్ లారెన్స్. ఆ వరుసలో మొత్తం 60 బొమ్మలు ఉన్నాయి. అవి పూర్తయిన 1941లో ఆయన వయసు 23 సంవత్సరాలు.

బొమ్మల సంగతి చెప్పే ముందు చరిత్రను రెండు మాటలలో చెబుతాను. అమెరికాలో బానిసత్వం 1865లో చట్టరీత్యా ముగిసినా, దక్షిణాది రాష్ట్రాలలో నల్లజాతి వారికి భూమి దక్కలేదు, ఓటు దక్కలేదు, న్యాయస్థానాలలో న్యాయం దక్కలేదు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో యూరప్ నుంచి వచ్చే కూలీలు ఆగిపోయి, ఉత్తరాది కర్మాగారాలకు మనుషులు కావలసివచ్చారు. అదే కాలంలో దక్షిణాదిలో ముక్కుపురుగు పత్తిపంటను తినివేసింది. అలా మొదలైన వలస దశాబ్దాల పాటు సాగింది, 1970 నాటికి దాదాపు 60 లక్షల మంది దక్షిణాదిని విడిచి వెళ్ళారు. ఇంత పెద్ద కదలికకు సేనాని లేడు, నాయకుడు లేడు. ఒక కుటుంబం తరువాత మరొక కుటుంబం రైలెక్కింది.

లారెన్స్ తల్లిదండ్రులు ఆ వలసలో భాగమే. తండ్రిది సౌత్ కరోలినా, తల్లిది వర్జీనియా. లారెన్స్ 1917లో న్యూజెర్సీ రాష్ట్రంలోని అట్లాంటిక్ సిటీలో పుట్టారు. తల్లిదండ్రులు విడిపోయాక, తల్లి న్యూయార్క్‌లో పని చూసుకుంటున్న కాలంలో పిల్లలు కొంతకాలం ఫిలడెల్ఫియాలో పరాయి ఇళ్ళలో పెరగవలసివచ్చింది. పదమూడేళ్ళ వయసులో ఆయన తల్లి దగ్గరికి, న్యూయార్క్ నగరంలో నల్లజాతివారు ఎక్కువగా నివసించే హార్లెంకు చేరారు. పనికి వెళ్ళే తల్లి, కొడుకు వీధిలో చెడిపోకూడదని, బడి విడిచిన తరువాత పిల్లలకు బొమ్మలు నేర్పే యుటోపియా చిల్డ్రన్స్ హౌస్ అనే కేంద్రంలో చేర్పించింది. ఆ పిల్లవాడు అక్కడ మొదట చేసిన పని, ఇంట్లో తల్లి పరచిన తివాచీల మీది గళ్ళను, గీతలను రంగు బలపాలతో కాగితం మీదికి ఎక్కించడం. అక్కడి గురువు చార్ల్స్ ఆల్స్టన్ ఆ పిల్లవాడి చేతిని పట్టుకుని దిద్దించలేదు, తన దారిన తనను వేయనిచ్చారు. నా దృష్టిలో గురువులు చేయగల గొప్ప సాయాలలో అది ఒకటి.

ఆ రోజులలో హార్లెం ఒక పేట మాత్రమే కాదు, అదొక పాఠశాల. 135వ వీధిలోని ప్రజా గ్రంథాలయంలో ఆఫ్రికా సంతతి చరిత్రకు సంబంధించిన పుస్తకాలు, పత్రాలు పెద్ద సంఖ్యలో ఉండేవి. ప్యూర్టోరికోలో పుట్టిన ఆర్టురో షోంబర్గ్ జీవితకాలం శ్రమించి కూర్చిన సేకరణ అక్కడికే చేరింది. శిల్పి ఆగస్టా శావేజ్ నడిపిన శిక్షణ కేంద్రం ఆ పేటలోనే ఉంది. ఆర్థిక మాంద్యం వల్ల ఉన్నత పాఠశాల చదువును మధ్యలోనే ఆపేసిన లారెన్స్‌ను, చిత్రకారులకు జీతమిచ్చే ప్రభుత్వ పథకంలో చేర్పించడానికి ఆగస్టా శావేజ్ స్వయంగా వెంటబెట్టుకుని వెళ్ళారు. వయసు చాలదని అధికారులు తిప్పి పంపారు. ఆమె ఆ సంగతి మరచిపోలేదు. ఆయనకు ఇరవై ఒకటి నిండగానే మళ్ళీ వెంటబెట్టుకుని వెళ్ళారు, ఈసారి పని దొరికింది. వారానికి ఇరవై నాలుగు డాలర్లకు కొద్దిగా తక్కువ జీతంతో, బొమ్మలు వేయడమే ఉద్యోగంగా ఆయనకు కొంతకాలం గడిచింది. ఆ రెండవ ప్రయాణం ఆమె చేయకపోయి ఉంటే ఈ 60 బొమ్మలు ఉండేవా అని నాకు చాలాసార్లు అనిపిస్తుంది.

1940లో రోజెన్‌వాల్డ్ నిధి నుంచి 1500 డాలర్ల ఉపకార వేతనం అందింది. దానితో ఆయన 125వ వీధిలోని ఒక గదిలో ఈ చిత్రమాలను మొదలుపెట్టారు. ఇక్కడ శ్రోతలు ఒక విషయం గమనించాలి. అప్పటికి లారెన్స్ దక్షిణాదిని కళ్ళతో చూడలేదు. పత్తిచేలను చూడలేదు, తన పెద్దలు విడిచి వచ్చిన ఊళ్ళను చూడలేదు. ఇంట్లో తల్లి, పొరుగువారు చెప్పుకునే మాటలు విన్నారు. తరువాత గ్రంథాలయానికి వెళ్ళి నెలల తరబడి పుస్తకాలు, నివేదికలు, పాత పత్రికలు చదివి వ్రాసుకున్నారు. చెవితో విన్నదాన్ని గ్రంథాలయంలో చదివినదానితో సరిచూసుకున్నారు. అటుపైన ఒక్కొక్క బొమ్మకు ఒక్కొక్క చిన్న వ్యాఖ్య తయారుచేసుకున్నారు. ఆ వ్యాఖ్యలలో అలంకారం లేదు, ఆక్రోశం లేదు. వలస ఎందుకు జరిగిందో, ఎలా జరిగిందో చెప్పే సాదా వాక్యాలు అవి.

ఇప్పుడు నాకెంతో ఇష్టమైన సంగతికి వస్తున్నాను. ఈ 60 బొమ్మలను ఆయన ఒకదాని తరువాత ఒకటిగా వేయలేదు. పన్నెండు అంగుళాలకు పద్దెనిమిది అంగుళాల కొలతగల 60 హార్డ్‌బోర్డు పలకలను సిద్ధం చేసుకుని, అన్నింటి మీదా తెల్లటి పూత పూసి, అన్నింటి మీదా పెన్సిలుతో రూపురేఖలు గీసుకున్నారు. పూత పూయడంలో, వ్యాఖ్యలు కుదర్చడంలో ఆయనకు తోడుగా నిలిచినవారు గ్వెండలిన్ నైట్, బార్బడోస్ దీవిలో పుట్టిన చిత్రకారిణి. 1941లోనే వారిద్దరికీ పెళ్ళయింది. పలకలు సిద్ధమయ్యాక ఆయన ముందుగా నలుపు రంగును తీసుకున్నారు. మొదటి బొమ్మలో నలుపు ఎక్కడ కావాలో అక్కడ వేశారు. రెండవ బొమ్మలో నలుపు ఎక్కడ కావాలో అక్కడ వేశారు. అలా 60 బొమ్మలలోనూ నలుపు పూర్తయ్యాకే తరువాతి రంగును ముట్టుకున్నారు. ముదురు రంగుల నుంచి లేత రంగుల వైపు, ఒక్కొక్క రంగుతో 60 బొమ్మలనూ చుట్టివస్తూ పని సాగించారు.

దీనికి ఒక సాంకేతికమైన కారణం ఉంది. ఆయన వాడినవి పాలలోని కేసీన్‌తో కలిపే టెంపెరా రంగులు. అవి త్వరగా ఆరిపోతాయి, ఒకసారి కలిపిన ఛాయ మరొకసారి కలిపితే సరిగా అదే రాదు. ఒక రంగును అన్ని బొమ్మలలోనూ ఒకే విడతలో వేస్తే, మొదటి బొమ్మలోని ఆకుపచ్చ, చివరి బొమ్మలోని ఆకుపచ్చ ఒకటిగానే ఉంటాయి. కానీ ఈ పద్ధతి వల్ల కలిగిన ఫలితం సాంకేతికతను మించిపోయింది. మగ్గం మీద పడుగు నూలు బట్ట మొదటి కొస నుంచి చివరి కొస దాకా తెగకుండా సాగినట్లు, ఒక్కొక్క రంగూ ఈ బొమ్మలన్నింటిలో తెగకుండా సాగుతుంది. దక్షిణాది పొలంలో కనిపించిన పసుపు రంగే ఉత్తరాది నగరంలోనూ కనిపిస్తుంది. ఒక బొమ్మను వేరుచేసి గోడకు తగిలిస్తే అది అందమైన బొమ్మే, కాని అది వరుసలోని బొమ్మ అని దాని రంగులే చెబుతూ ఉంటాయి. నేనెవరిని అన్న ప్రశ్న వేసుకున్న చిత్రకారులు చాలామంది అద్దం ముందు కూర్చుని తమ ముఖం వేసుకున్నారు. లారెన్స్ ఈ వరుసలో తన ముఖం వేయలేదు, తనవారందరి ప్రయాణాన్ని వేశారు. ఈ 60 బొమ్మలలో కథానాయకుడు లేడు, పేరున్న మనిషి ఒక్కరూ లేరు. చాలా ముఖాలకు కన్ను, ముక్కు తీర్చి ఉండవు. అయినా వంగిన నడుములను బట్టి, మోస్తున్న మూటలను బట్టి, తల నిలిపిన తీరును బట్టి ఆ మనుషులను మనం గుర్తుపట్టగలం.

మొదటి బొమ్మ రైల్వే స్టేషను. షికాగో, న్యూయార్క్, సెయింట్ లూయిస్ అని వ్రాసి ఉన్న మూడు ద్వారాల వైపు జనం గుంపుగా తోసుకువెళ్తున్నారు. అక్కడి నుంచి కారణాలు ఒక్కొక్కటిగా వస్తాయి. వరదలు, ముక్కుపురుగు, కరవు, అన్యాయపు తీర్పులు. 15వ బొమ్మ మూకలు నల్లవారిని ఉరితీసి చంపిన ఘోరాలను గురించినది. ఆ బొమ్మలో శవం లేదు. ఆకు లేని ఒక కొమ్మ, దానికి వేలాడే ఖాళీ ఉరితాడు, రాతి మీద ముడుచుకుని కూర్చున్న ఒక మనిషి, అంతే. అటువంటి హత్య జరిగిన చోట, అంతవరకు ఊరు విడవడానికి సందేహించినవారు కూడా వెంటనే బయలుదేరారని వ్యాఖ్య చెబుతుంది. చూసేవారిని భయపెట్టడానికి ఆయన పూనుకోలేదు. పోయిన మనిషి కన్నా మిగిలిన మనిషిని చూపించారు, ఎందుకంటే వలస వెళ్ళినది మిగిలిన మనిషే.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేవి ఉత్తరాదికి చేరిన తరువాతి బొమ్మలు. బంధువులు వ్రాసిన ఉత్తరాలలో అక్కడి బ్రతుకు బాగుందని ఉంది, అది కొంతవరకు నిజమే. కాని 49వ బొమ్మలో ఒక భోజనశాల కనిపిస్తుంది. తెల్లవారు ఒక వైపు, నల్లవారు మరొక వైపు కూర్చుని ఉంటారు, వారి నడుమ వంకరటింకరగా సాగే పసుపుపచ్చ అడ్డుగీత ఉంటుంది. ఉత్తరాదిలోనూ వివక్ష ఉంది, అయితే దాని తీరు వేరు అని వ్యాఖ్య. తరువాతి బొమ్మలలో అల్లర్లు, ఇళ్ళ మీద బాంబులు. ఇక 53వ బొమ్మలో, ఖరీదైన దుస్తులు వేసుకున్న ఒక నల్లజాతి దంపతులు కనిపిస్తారు. ఎంతోకాలంగా ఉత్తరాది నగరాలలో స్థిరపడిన నల్లజాతివారు, కొత్తగా వచ్చిన తమవారిని చిన్నచూపు చూశారని ఆ బొమ్మ చెబుతుంది. 23 ఏళ్ళ యువకుడు తన సమాజాన్ని గురించి ఈ మాట చెప్పడానికి ఎంత నిజాయితీ కావాలో ఆలోచించండి. తనవారిని ప్రేమించడమంటే తనవారి లోపాన్ని దాచడం కాదని ఆయనకు తెలుసు. ఆ ఒక్క బొమ్మ ఉండడం వల్లనే మిగిలిన బొమ్మల మీద నాకు నమ్మకం పెరిగింది.

తరువాత చర్చి వస్తుంది, క్షయవ్యాధి వస్తుంది. 57వ బొమ్మలో తెల్లని దుస్తుల్లో ఉన్న ఒక స్త్రీ పెద్ద తొట్టిలోని రంగురంగుల బట్టలను కర్రతో కలుపుతూ ఉంటుంది. ఆడ కూలీలు అందరికన్నా చివరగా ఉత్తరాదికి చేరారన్నది వ్యాఖ్య. ఆ పక్కనే 58వ బొమ్మలో ముగ్గురు ఆడపిల్లలు మన వైపు వీపు తిప్పి, చేతులు పైకి చాచి నల్లబల్ల మీద అంకెలు వ్రాస్తున్నారు. తల్లుల చేతుల్లో కర్ర, పిల్లల చేతుల్లో సుద్దముక్క. ఈ రెండు బొమ్మలూ పక్కపక్కనే రావడం యాదృచ్ఛికమని నేను అనుకోను.

1941 నవంబరులో ఫార్చ్యూన్ పత్రిక ఈ వరుసలోని 26 బొమ్మలను రంగులలో అచ్చువేసింది. ఆ ఏడాది చివరలో న్యూయార్క్‌లోని ఈడిత్ హాల్పర్ట్ గ్యాలరీలో ప్రదర్శన జరిగింది. పేరున్న రెండు మ్యూజియంలు ఈ వరుస కావాలన్నాయి, చివరికి పంచుకున్నాయి. బేసి సంఖ్యల బొమ్మలు వాషింగ్టన్‌లోని ఫిలిప్స్ కలెక్షన్‌కు, సరి సంఖ్యల బొమ్మలు న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌కు వెళ్ళాయి. అందువల్ల బట్టలు ఉతికే తల్లి ఒక నగరంలో ఉంది, లెక్కలు నేర్చుకునే ఆడపిల్లలు మరొక నగరంలో ఉన్నారు. ఒకే రంగుతో ఒకే విడతలో కలిపి వేసిన బొమ్మలను ఇలా విడదీయడం నాకు మనసుకు కష్టంగానే ఉంటుంది. అయితే అప్పుడప్పుడు ఆ రెండు సంస్థలూ బొమ్మలను ఒకచోటికి చేర్చి ప్రదర్శిస్తున్నాయి. 2015లో న్యూయార్క్‌లో, 2016లో వాషింగ్టన్‌లో 60 బొమ్మలూ కలిసే ఉన్నాయి.

అంత దూరం వెళ్ళే అవకాశం మనలో ఎక్కువమందికి ఉండదు. కాని ఆ రెండు మ్యూజియంలూ 60 బొమ్మలనూ అంతర్జాలంలో అందరికీ అందుబాటులో ఉంచాయి. చూడదలచిన శ్రోతలకు ఒక్క సూచన చేస్తాను. నచ్చిన బొమ్మను ఏరుకుని చూడకండి. 1 నుంచి 60 వరకు వరుసగా, ఒకే విడతలో చూడండి. ముందు వ్యాఖ్యను చదవండి, ఇంట్లో మరొకరు ఉంటే వారికి వినిపించేలా పైకి చదవండి, ఆ తరువాత బొమ్మను చూడండి. కొన్నిచోట్ల ఒకే బొమ్మకు రెండు వ్యాఖ్యలు కనిపిస్తాయి, తికమకపడకండి. ఒకటి 1941 నాటిది, రెండవది 1993లో లారెన్స్ స్వయంగా సవరించి వ్రాసినది. మొదటిసారి చూసేవారు 1941 నాటి వ్యాఖ్యతో చూడడం మంచిదని నా అభిప్రాయం, ఎందుకంటే బొమ్మ వేసిన చెయ్యి ఆనాడు ఆ మాటతోనే పనిచేసింది. పిల్లలకు చూపించదలచిన ఉపాధ్యాయులు 15వ బొమ్మను ముందుగా తాము చూసి, అది ఏ తరగతి పిల్లలకు తగునో నిర్ణయించుకోండి. 58వ బొమ్మను మాత్రం ఏ తరగతిలోనైనా నిస్సంకోచంగా చూపవచ్చు. నమస్కారం.