‘మీ ఇంటికి’ భోజనానికి పిలిచిన పెద్దావిడ

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దలకు పేరుపేరునా చెప్పాలి కానీ సమయం తక్కువ. అందరికీ ఒక్కటే నమస్కారం, మనస్ఫూర్తిగా.

ఏప్రిల్ 23ను ఐక్యరాజ్యసమితి స్పానిష్ భాషా దినోత్సవంగా జరుపుతుంది. ఈ సందర్భంగా ‘స్పానిష్ వచ్చినవారికి ఉద్యోగావకాశాలు’ గురించి మాట్లాడమన్నారు. అవకాశాలు ఉన్నాయి. 20 దేశాల్లో చెలామణి అయ్యే భాషకు పని దొరకకుండా ఎలా ఉంటుంది? ఆ వివరాలన్నీ మీ చేతుల్లోని కాగితాల్లో ఉన్నాయి, ఇంటికి వెళ్లి చదువుకోండి. నేను మాత్రం ఇంటి గురించే మాట్లాడతాను. ఈ మాట ఎక్కడ చెప్పుకోవాలా అని చాలా ఏళ్లుగా వెతుకుతున్నాను.

నేను స్పానిష్ నేర్చుకున్న చోట మొదటి వారంలోనే ‘కాసా’ అంటే ఇల్లు అని చెప్పారు. వంటిల్లు ‘కొసీనా’, తలుపు ‘ప్వెర్తా’. బొమ్మ గీసి బాణాలు పెట్టి చూపించారు. ఆ బొమ్మలో మనుషులు లేరు. ఆ ఇంట్లో ఎన్ని గంటలకు తింటారు, తిన్నాక ఎంతసేపు కూర్చుంటారు, గడప దాటేవారిని ఏమని పిలుస్తారు? ఒక్క ముక్క చెప్పలేదు. పరీక్షలో నాకు మంచి మార్కులే వచ్చాయి. ఆ మార్కులను నమ్ముకునే 2011లో మెక్సికోలోని ప్వెబ్లా నగరానికి వెళ్లాను.

మేము అద్దెకు దిగిన ఇంటి యజమానురాలికి డెబ్బై ఏళ్లు. రెండు వీధుల అవతల ఉండేవారు. మేము దిగిన నాలుగో రోజునే నా చెయ్యి పట్టుకుని అన్నారు: ‘ఆదివారం మూడింటికి మీ ఇంట్లో భోంచేద్దాం.’ ‘ఎన్ సు కాసా’ అన్నారు. ‘సు కాసా’ అంటే మీ ఇల్లు. పుస్తకం ప్రకారం అందులో సందేహమే లేదు.

పెద్దావిడ నోరు తెరిచి అడిగింది కదా అని తెల్లవారుజామునే లేచి పులిహోర కలిపాను. అక్కడ చింతపండుకు కొదవ లేదు, రసం తీసి చక్కెర వేసి వీధుల్లో చల్లగా అమ్ముతారు. దాన్ని ‘తమరిందో’ అంటారు. అరబ్బులు ‘తమ్ర్ హిందీ’ అన్నారు, అంటే హిందూదేశపు ఖర్జూరం. ఆ మాటే స్పెయిను మీదుగా సముద్రం దాటింది. కరివేపాకు మాత్రం దొరకలేదు. మూడయింది, మూడున్నర అయింది. నాలుగింటికి తలుపు చప్పుడైంది. తీరా చూస్తే ఆవిడ మనవరాలు. ‘నాయనమ్మ భోజనం పెట్టుకుని కూర్చుంది, మీరింకా రాలేదేం?’

మెక్సికోలో పాతకాలపు మర్యాద అది. తన ఇంటిని ఎదుటివారి దగ్గర ‘మీ ఇల్లు’ అంటారు. చిరునామా చెప్పినా అంతే: ఫలానా వీధి, ఫలానా నంబరు, అది మీ ఇల్లు.

పులిహోర గిన్నె పట్టుకుని పరుగెత్తాను. ఆవిడ రెండు రోజులు శ్రమపడి ‘మోలె’ చేశారు. రకరకాల ఎండుమిరపకాయలు, నువ్వులు, బాదం, దాల్చినచెక్క, కొద్దిగా చాక్లెట్, అన్నీ విడివిడిగా వేయించి నూరి, కోడికూరలో ఉడికిస్తారు. చల్లారిపోయిన ఆ కూరను మళ్లీ వెచ్చబెడుతున్న ఆవిడ కళ్లలో నీళ్లు. భోజనం ఆలస్యమైనందుకు కాదు. పిలిస్తే కూడా రానంత పరాయివాళ్లమా అని. ఆ కన్నీళ్లకు నాకు పాఠం చెప్పినవారు సమాధానం చెప్పాలి. ఇన్నేళ్లయినా నాకు ఆ కోపం పోలేదు, పోకూడదు కూడా.

పులిహోర నోట్లో పెట్టుకుని ఆవిడ ‘తమరిందో!’ అన్నారు. అప్పుడు నవ్వారు.

తిన్నాక ఎవరూ లేవలేదు. దానికొక పేరుంది, ‘సోబ్రెమేసా’. భోజనం అయ్యాక బల్ల దగ్గరే కబుర్లతో గడిపే సమయం. దీపాలు పెట్టేదాకా కూర్చున్నాం. తెలుగులో ‘మా ఇల్లు’ వేరు, ‘మన ఇల్లు’ వేరు అని చెప్పాను. స్పానిష్‌లో రెండింటికీ ‘న్వెస్త్రా’ ఒక్కటే. ఆవిడ చాలాసేపు ఆలోచించి, ‘అయితే నేను చెప్పేది మీ రెండో మాటే’ అన్నారు. ఆ రోజు నుంచి నన్ను ‘మిహా’ అని పిలిచారు. నా తల్లీ అన్నట్టు. అలా పిలుస్తూనే ‘ఉస్తెద్’, అంటే ‘మీరు’, అని మన్నించేవారు. మన పెద్దవాళ్లు ‘అమ్మా, మీరు కూర్చోండి’ అనరూ? అచ్చం అలాగే. నువ్వు, మీరు అని పట్టిక గీసి నేర్పితే ఇది వస్తుందా?

నేను చెప్పాలనుకున్న అసలు విషయం ఇంకొకటుంది. ఆవిడ వంటింట్లో ‘మెతాతె’ ఉండేది. నల్లటి అగ్నిపర్వత శిల, మూడు కాళ్లు, ముందుకు వాలుగా ఉంటుంది. మోకాళ్ల మీద కూర్చుని నూరాలి. మన సన్నెకల్లుకు అక్కచెల్లెలు. తల్లి చేతి నుంచి వచ్చింది, నడిమి భాగం అరిగి పల్లం పడింది. ఆ తల్లిది కొండ ప్రాంతం, ఆమె మాట్లాడింది మెక్సికో దేశీయ భాషల్లో ఒకటైన నావాత్ల్. బడిలో ఆ మాట వినిపిస్తే దెబ్బలు పడేవని పిల్లలకు నేర్పలేదట. మెతాతె, చట్నీలు నూరే రాతిగిన్నె మోల్కహెతె, రొట్టెలు కాల్చే పెనం కొమాల్, మోలె, అన్నీ ఆ భాష మాటలే. మనం రోజూ తినే టమాటా కూడా. ‘అమ్మ భాషలో నాకు మిగిలినవి గిన్నెలూ రాళ్లే, మిహా’ అన్నారు. మెక్సికో 2003లో చట్టం చేసింది, 68 దేశీయ భాషలను స్పానిష్‌తో పాటు జాతీయ భాషలుగా గుర్తిస్తున్నారు. అప్పటికి ఆవిడకు అరవై దాటాయి, తల్లి లేదు. ఎవరిని అడిగి నేర్చుకుంటుంది?

మిమ్మల్ని అడుగుతున్నాను. మీలో ఎంతమంది ఇళ్లలో సన్నెకల్లు ఉంది? దాని పొత్రాన్ని పొత్రం అని పిలిచేవాళ్లు ఎంతమంది? చేతులెత్తండి. ముందు వరుసలో తప్ప కనిపించడం లేదు.

ఇక్కడ స్పానిష్ నేర్పుతున్నవారికి నా విన్నపం ఒక్కటే. మొదటి పాఠంలోని ఆ బొమ్మ ఇంట్లో మనుషుల్ని పెట్టండి. వాళ్ల చేత భోజనానికి పిలిపించండి. పక్క బల్ల దగ్గర తింటున్న ముక్కూమొహం తెలియనివారికి కూడా ‘ప్రొవేచో’ అని, మీరు తిన్నది ఒంటికి పట్టాలని, చెప్పి వెళ్లే అలవాటును నేర్పండి. ఒక గంట ఉద్యోగం గురించి చెబితే, ఒక గంట వంటింటికి ఇవ్వండి.

సమయం అయిందంటున్నారు. ఒక్క మాట చెప్పి ముగిస్తాను. మెతాతె మీద నూరే పొత్రాన్ని స్పానిష్‌లో ‘మానో’, అంటే చెయ్యి, అంటారు. ఆవిడ ఆ మాట వాడేవారు కాదు. తల్లి మాటే వాడేవారు, ‘మెత్లపిల్’ అని. నావాత్ల్‌లో దాని అర్థం మెతాతె బిడ్డ. నాతో పాటు ఒక్కసారి పలకండి. మెత్లపిల్. వెనక వరుసల వారు కూడా, గట్టిగా.