బంపర్ మీద గీత, సెల్లార్‌లో పిల్లర్

అక్క: అందరికీ నమస్కారం. ఈ వారం మన విషయం కారు బంపర్ మీద గీతలు. షెడ్డుకి వెళ్ళకుండా, ఇంట్లోనే, తక్కువ ఖర్చులో ఎలా పోగొట్టుకోవాలో చెప్పమని చాలామంది అడిగారు.

తమ్ముడు: అడిగినవాళ్ళలో ఎక్కువమంది హైదరాబాద్‌లో కొండాపూర్, మియాపూర్, నిజాంపేట వైపువాళ్ళే. అందరివీ అపార్ట్‌మెంట్లే. అంటే మళ్ళీ సెల్లార్ పార్కింగ్ పిల్లర్ల దగ్గరికే వచ్చాం.

అక్క: పిల్లర్ల దగ్గరికి అప్పుడే వెళ్ళకు. కనీసం కడగడం వరకైనా నన్ను చెప్పనివ్వు.

తమ్ముడు: సరే, చెప్పు.

అక్క: ముందు షాంపూతో శుభ్రంగా కడగండి. మట్టి మీద రుద్దితే కొత్త గీతలు పడతాయి. కడిగాక చూస్తే చాలావాటికి గీత అసలు ఉండదు. గోడకో స్తంభానికో రాసుకున్నప్పుడు దాని రంగు మన బంపర్‌కి అంటుకుంటుంది, అంతే. మెత్తటి గుడ్డ మీద కొంచెం రబ్బింగ్ కాంపౌండ్, అంటే అరగదీసే పేస్టు, వేసి రుద్దితే వచ్చేస్తుంది. అప్పటికీ గీత ఉంటే దాని మీద గోరు అడ్డంగా లాగండి. గోరు జారిపోతే గీత క్లియర్ కోట్‌లోనే, అంటే రంగు మీద ఉండే పారదర్శక పొరలోనే ఉంది. గోరు తట్టుకుంటే రంగు దాకా దిగింది. లోపల నల్లగా కనబడితే ప్లాస్టిక్ దాకా పోయింది.

తమ్ముడు: మన అమ్మ కారు కూడా సెల్లార్ పిల్లర్‌కి రాసుకుంది కదా, దాని గీత ఏ రకం?

అక్క: గోరు తట్టుకుంటోంది. ఎడమ మూల, అరచెయ్యంత.

తమ్ముడు: ఆ మూలే ఎందుకు తగులుతుంది? ర్యాంప్ దిగగానే కుడికి తిప్పాలి, ఎదురుగా పిల్లర్. మారుతి 800 వెడల్పు 1440 మిల్లీమీటర్లు. ఇప్పటి క్రెటా 1790. ఒక్కో బండికి 35 సెంటీమీటర్లు పెరిగింది. బండ్లు పెరిగాయి, సెల్లార్లో గళ్ళు పెరగలేదు. ఒక బే, అంటే ఒక బండి నిలిపే గడి, వెడల్పు రెండున్నర మీటర్లని గీస్తారు, అందులో సగం పిల్లర్ మింగేస్తే తలుపు ఎటు తియ్యాలి?

అక్క: అమ్మది క్రెటా కాదు కదా.

తమ్ముడు: పక్క బేలో ఉన్నది క్రెటానే! అందుకే అమ్మ పిల్లర్ వైపు జరిగింది. సరే, నేను చెప్పేది ఒక్కటే. దీన్ని ఇన్సూరెన్స్‌లో క్లెయిమ్ చేద్దాం. బంపర్ మొత్తం కొత్తగా పెయింట్ వేయించి ఇస్తారు. నువ్వు కూర్చుని వాటర్ పేపర్, అదే తడిపి రుద్దే ఉప్పుకాగితం, రుద్దడం ఎందుకు?

అక్క: క్లెయిమ్ వద్దు.

తమ్ముడు: ఎందుకు వద్దు? ఏటా ప్రీమియం కడుతున్నాం. వాడుకోకపోతే దేనికి కట్టినట్టు?

అక్క: లెక్క వేద్దాం, నువ్వే వెయ్యి. బంపర్ పెయింట్ బిల్లు 5000 అనుకో. అమ్మది మామూలు పాలసీ, జీరో డెప్, అంటే తరుగు కొయ్యకుండా ఇచ్చే అదనపు కవర్, లేదు. పెయింట్ బిల్లులో నాలుగో వంతు మెటీరియల్ కింద లెక్కేసి, అందులో సగం కోస్తారు.

తమ్ముడు: 1250లో సగం, 625.

అక్క: బండి 1500 సీసీ లోపే కాబట్టి తప్పనిసరిగా మన చేతి నుంచి పెట్టాల్సింది 1000. చేతికొచ్చేది ఎంత?

తమ్ముడు: 3375. అయితే ఏంటి, ఊరికే వస్తున్నట్టే కదా.

అక్క: ఊరికే రావట్లేదు. అమ్మకి నో క్లెయిమ్ బోనస్, అంటే ప్రీమియంలో తగ్గింపు, 50 శాతం ఉంది. ఐదేళ్ళు ఒక్క క్లెయిమ్ కూడా చెయ్యకపోతే వచ్చింది అది. మొదటి ఏడాదికి 20, తర్వాత 25, 35, 45, చివరికి 50. ఒక్క క్లెయిమ్ చేస్తే వచ్చే రెన్యువల్‌కి సున్నా. మళ్ళీ 20 నుంచి ఎక్కాలి.

తమ్ముడు: ఆ తగ్గింపు మొత్తం ప్రీమియం మీద కాదుగా.

అక్క: కాదు. మన బండి నష్టానికి కట్టే ఓన్ డ్యామేజ్ భాగం మీదే, ఎదుటివాళ్ళ నష్టానికి కట్టే థర్డ్ పార్టీ మీద ఉండదు. అందుకే ఓన్ డ్యామేజ్ ఒక్కటే 8000 అనుకుందాం. మొదటి ఏడాది 50 శాతం పోయింది, 4000. రెండో ఏడాది 20 వస్తుంది, 30 పోతుంది. తర్వాత 25 పోతుంది, తర్వాత 15, తర్వాత 5. కూడు.

తమ్ముడు: 125 శాతం.

అక్క: 8000 మీద 125 శాతం, 10000. మూడు వేల చిల్లర కోసం పది వేలు.

తమ్ముడు: అదెలా? ఏటేటా బండి విలువ తగ్గుతుంది, దాంతోపాటు ప్రీమియం కూడా తగ్గుతుంది. ఐదేళ్ళూ 8000 ఉండదు.

అక్క: ఉండదు. సరే, నీ మాటే తీసుకో. 10000 కాస్తా ఏడు వేలే అయిందనుకో. అప్పటికీ రెట్టింపు.

తమ్ముడు: బోనస్ పోకుండా కాపాడే యాడ్ ఆన్ కూడా ఉంటుంది.

అక్క: ఉంటుంది, దానికి విడిగా డబ్బు కట్టాలి. అమ్మ పాలసీలో లేదు. నేనేమీ క్లెయిమే చెయ్యొద్దనట్లేదురా. రేపు హెడ్‌లైట్ పగిలి, బంపర్ చీలి, లోపల బ్రాకెట్లు విరిగితే నేనే ఫోన్ చేస్తా. అరచెయ్యంత గీతకి ఐదేళ్ళ క్రమశిక్షణ ధారపొయ్యను. పైగా ఆ బోనస్ బండిది కాదు, అమ్మది. రేపు ఇది అమ్మేసి కొత్తది కొన్నా దానికి మార్చుకోవచ్చు.

తమ్ముడు: నాకు ఒళ్ళు మండేది వేరే. తగిలించింది అమ్మ కాబట్టి సరిపోయింది. నా బండి వెనక బంపర్‌కి ఎవరో తగిలించి వెళ్ళిపోయారు. నా ఖర్చు, నా బోనస్, నా టైమ్. ఒక చీటీ రాసి వైపర్ కింద పెట్టడానికి ఎంతసేపు పడుతుంది?

అక్క: అది నిజం. చీటీ పెట్టాలి. ఎవరికైనా తగులుతుంది, చెప్పకుండా వెళ్ళిపోవడమే తప్పు. నువ్వు నోటీసు బోర్డులో రాశావా?

తమ్ముడు: రాశా. దానికి మీటింగ్‌లో ఏమన్నారో తెలుసా? పొద్దున్న కార్లు తుడిచే అబ్బాయి పనై ఉంటుందన్నారు. బకెట్ తగిలించి ఉంటాడట. జీతంలో కొయ్యమన్నారు.

అక్క: ఏంటి?

తమ్ముడు: నేను ఒప్పుకోలేదు.

అక్క: ఒప్పుకోకపోవడం కాదు, గట్టిగా మాట్లాడాలి. బకెట్ తగిలితే చిన్న చుక్క పడుతుంది. నీ బంపర్ మీద ఉన్నది జానెడు పొడుగు రాపిడి, అందులో ఎర్ర పెయింట్ అంటుకుని ఉంది. ఎర్ర బకెట్ కూడా లేదు ఆ అబ్బాయికి. తెల్లవారుజామున నాలుగింటికి లేచి అన్ని బండ్లు తుడుస్తాడు, అన్నిటికీ ఒకటే గుడ్డ, ఒకటే బకెట్. ఎండలో చూస్తే బానెట్ మీద గుండ్రంగా సన్నగీతలు కనిపిస్తాయి చూడు, అవి ఆ గుడ్డలో ఇరుక్కున్న మట్టి వల్లే. దానికి ఆ అబ్బాయిని తిట్టి లాభం లేదు. కొళాయి ఒక్కటే ఇచ్చి, అది కూడా ఆరింటికి కట్టేస్తే ఎలా జాడిస్తాడు? ఒక్కో ఇంటివాళ్ళు ఒక్కో మైక్రోఫైబర్ గుడ్డ ఇవ్వండి. మట్టి జాడించుకోవడానికి రెండో బకెట్ ఇవ్వండి. అది చెయ్యకుండా జీతం కొయ్యడమేంటి?

తమ్ముడు: వచ్చే మీటింగ్‌కి నువ్వు రా.

అక్క: వస్తా. నిజంగా వస్తా.

తమ్ముడు: పిల్లర్ల సంగతి కూడా అక్కడే పెడదాం. మూలలకి రబ్బర్ గార్డులు కొట్టిస్తే సగం గీతలు పడవు.

అక్క: దానికి నేను సంతకం పెడతా. ఇక పెయింట్ చెప్తా, టైమ్ అయిపోతోంది. క్లియర్ కోట్‌లోనే ఉన్న గీతకి 2000 నంబర్ వాటర్ పేపర్ చాలు. ముందు నీళ్ళలో నానబెట్టండి, నీళ్ళలో ఒక చుక్క షాంపూ కలపండి. అరచేత్తో నొక్కకుండా మెల్లగా రుద్దండి. క్లియర్ కోట్ మందం దాదాపు 40, 50 మైక్రాన్లే, తల వెంట్రుకంత కూడా ఉండదు. అంచుల దగ్గర ఇంకా పల్చగా ఉంటుంది, అక్కడ పేపర్ పెట్టొద్దు. మసకబారాక కాంపౌండ్, ఆ తర్వాత పాలిష్. 

తమ్ముడు: అమ్మ బండిలా రంగు దాకా దిగితే?

అక్క: కలర్ కోడ్ చూసుకోవాలి. బానెట్ కింద ప్లేటు మీదో, డోరు పిల్లర్ మీదో ఉంటుంది.

తమ్ముడు: పిల్లర్!

అక్క: డోరు పిల్లర్. మారుతిలో సిల్కీ సిల్వర్ అయితే జెడ్2ఎస్, సుపీరియర్ వైట్ అయితే 26యూ. ఆ కోడ్ చెప్పి చిన్న టచప్ సీసా తెచ్చుకోండి. ప్లెయిన్ వైట్ తేలిగ్గా కలిసిపోతుంది. సిల్వర్ మొండిది. అందులో అల్యూమినియం రేకుల పొడి ఉంటుంది, బ్రష్‌తో వేస్తే ఆ రేకులు ఒక తీరున పరుచుకోవు. దగ్గరికొస్తే మచ్చ కనబడుతుంది. నాలుగడుగుల దూరం నుంచి కనబడకపోతే అమ్మ బండికి నాకు చాలు. ఒకేసారి మందంగా పూయకండి. పల్చగా ఒక పూత, ఆరాక ఇంకోటి.

తమ్ముడు: మరి నల్ల ప్లాస్టిక్ బయటపడితే?

అక్క: బంపర్ ఎక్కువగా పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్, దానికి రంగు పట్టదు. రంగు పట్టడానికి ముందు పూసే ప్లాస్టిక్ ప్రైమర్ వెయ్యకుండా రంగు వేస్తే తర్వాత పొరలు పొరలుగా లేచిపోతుంది. మామూలు బాడీ పుట్టీ కూడా వద్దు. బంపర్ వంగుతుంది, అది వంగదు, పగులుతుంది. ప్లాస్టిక్ పుట్టీ అని విడిగా అడగండి. ఇంకో మాట, బంపర్‌కి తుప్పు పట్టదు. చేతిలో డబ్బు లేకపోతే ఆర్నెల్లు అలాగే వదిలేసినా బండికి ఏమీ కాదు. టెన్షన్ పడొద్దు.

తమ్ముడు: సామాను ఎక్కడ దొరుకుతుంది?

అక్క: వాటర్ పేపర్ రాణిగంజ్‌లో ఏ హార్డ్‌వేర్ షాపులోనైనా దొరుకుతుంది. పుత్లీబౌలి వైపు వెళ్తే మిగతావి. ఈ వానల్లో మాత్రం మొదలుపెట్టకండి. గాలిలో తేమకి క్లియర్ కోట్ తెల్లగా మసకబారుతుంది. మే ఎండలో బంపర్ ముట్టుకోలేం, రంగు సమంగా పరుచుకోకముందే ఆరిపోతుంది. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా, మంచు విడిచాక పొద్దున పూట మంచిది.

తమ్ముడు: స్ప్రే డబ్బా సెల్లార్లోనే కొట్టుకోవచ్చా?

అక్క: అస్సలు వద్దు. అది మండే గ్యాస్, పక్కనే కరెంటు మీటర్ల బోర్డు. పైగా ఆ తుంపర పక్క బండి అద్దాల మీద పడుతుంది. గట్టిపరిచే హార్డెనర్ కలిసే 2కే క్లియర్ కోట్ అయితే అందులో ఐసోసయనేట్లు అనే రసాయనాలు ఉంటాయి, ఊపిరితిత్తులకి ప్రమాదం. ముక్కుకి గుడ్డ కట్టుకుంటే సరిపోదు. అది షెడ్డువాళ్ళకే వదిలెయ్యండి.

తమ్ముడు: అసలు మీటర్ బోర్డు ఆ మూల పెట్టడం వల్లే పిల్లర్‌కి గోడకి మధ్య... ఆగాగు. కింద ట్యాంకర్ వచ్చిందట, అమ్మ బండి తియ్యమంటున్నారు.

అక్క: తాళం నా దగ్గరుంది, నేనే తీస్తా. నువ్వు రికార్డింగ్ ఆపు.